లినక్స్ తీసేయకండి, ముందు కేబుల్ చూడండి

ప్రశ్న: మాది తణుకు. ఇంట్లో తొమ్మిదేళ్ల నాటి డెస్క్‌టాప్ ఉంది. విండోస్ 10కు మద్దతు ఆగిపోయిందని, 11 ఈ కంప్యూటర్‌లో ఎక్కదని తెలిసి మా అబ్బాయి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను తనే వేశాడు. కంప్యూటర్ మేడ మీద గదిలో ఉంది, రౌటర్ కింద హాల్లో ఉంది. వైఫై అందుకోవడానికి యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న డాంగిల్ వాడుతున్నాం. సాయంత్రాలు నెట్ తెగుతూ వస్తుంది. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి ఫొటోలు కాపీ చేస్తుంటే మరీ ఎక్కువగా పోతుంది. విసిగిపోయి కింది నుంచి కేబుల్ లాగించాం. మా ప్లాన్ 300 ఎంబీపీఎస్, కానీ స్పీడ్ టెస్టులో 94కు మించి రావడం లేదు. పైగా కేబుల్ ఉన్నా అప్పుడప్పుడు కనెక్ట్ అయినట్లే చూపిస్తూ ఒక్క సైటూ తెరుచుకోదు. అదే సమయంలో ఫోన్లలో నెట్ బాగానే వస్తుంది. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఆన్‌లైన్ క్లాసులు పోతున్నాయి. కంప్యూటర్ షాపు అతను ‘లినక్స్ తీసేసి విండోస్ వేయించుకోండి, అన్నీ సర్దుకుంటాయి’ అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, తణుకు

సమాధానం: లినక్స్ తీయించకండి. మీరు రాసినది ఒక సమస్య కాదు, మూడు. మూడింటికీ కారణాలు వేరు. అన్నీ ఒకే కంప్యూటర్‌లో, ఒకే సమయంలో కనిపించాయి కాబట్టి కొత్తగా వచ్చిన లినక్స్ మీదకు నెపం వెళ్లింది. విండోస్ వేయించుకున్నంత మాత్రాన వీటిలో ఒక్కటి కూడా పోదు. డబ్బు పోతుంది, అబ్బాయి ఓపిగ్గా అమర్చుకున్నదంతా పోతుంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, వెనక్కి వెళ్తే పిల్లవాడి చేతికి భద్రత తగ్గిన కంప్యూటర్‌ను ఇచ్చినట్లవుతుంది. మూలన పడాల్సిన యంత్రానికి ఇంటర్ చదివే కుర్రాడు సొంతంగా ప్రాణం పోశాడంటే అది నాకు చాలా విలువైన సంగతి. ఆ పనిని నిలబెడదాం.

అన్నిటికన్నా ముందు క్లాసు ఆగకూడదు. ఈ రోజే డాంగిల్ పీకి పక్కన పెట్టి, కేబుల్ మీదే నడపండి. 94 ఎంబీపీఎస్ తక్కువని బాధపడకండి. వీడియో క్లాసుకు నాలుగైదు ఎంబీపీఎస్ ఉంటే చాలు. తెగుతూ వచ్చే 300 కన్నా నిలకడగా వచ్చే 94 ఎంతో మేలు. కేబుల్, వైఫై రెండూ ఉన్నప్పుడు లినక్స్ మామూలుగా కేబుల్ దారినే ఎంచుకుంటుంది. అయినా సమస్య వెతికేటప్పుడు రెండూ తగిలించి ఉంచితే ఏది తెగిందో ఏది నిలిచిందో మీకు తెలియదు. ఒకసారికి ఒకటే ఉంచండి, ఒకసారికి ఒకటే మార్చండి.

‘నెట్ రావడం లేదు’ అన్నప్పుడు ఎక్కడి దాకా వచ్చి ఆగిందన్నది మొదటి ప్రశ్న. కంప్యూటర్ నుంచి రౌటర్ దాకా ఒక అంచె. రౌటర్ నుంచి నెట్ కంపెనీ మీదుగా బయటి ప్రపంచం దాకా ఇంకో అంచె. సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్ఎస్ మూడో అంచె. కుళాయిలో నీళ్లు రాకపోతే మోటారు చూస్తాం, ట్యాంకు చూస్తాం, వాల్వు చూస్తాం. ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టం. సిస్టమ్ మొత్తం తీసి మళ్లీ వేయడం ఇల్లు పడగొట్టడమే.

ఈ అంచెలు చూడడానికి, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ అనే కిటికీ తెరవండి. ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, కొట్టేటప్పుడు చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. ముందు ‘ఐపీ రౌట్’ అని కొడితే ‘డిఫాల్ట్’ అని మొదలయ్యే వరుసలో మీ రౌటర్ చిరునామా కనిపిస్తుంది. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1. ఇప్పుడు ‘పింగ్’ అని రాసి ఆ అంకెలు ఇవ్వండి. అవతలి యంత్రం పలుకుతోందా అని అడిగే ఆదేశం అది. జవాబు రాకపోతే తప్పు మీ ఇంట్లోనే ఉంది: డాంగిల్, కేబుల్, లేదా రౌటర్. వస్తే ‘పింగ్ 8.8.8.8’ కొట్టండి. అది గూగుల్ నడిపే సర్వర్. రౌటర్ పలికి ఇది పలకకపోతే తప్పు బయటిది. ఫైబర్ కనెక్షన్ అయితే పెట్టె మీద ఎల్ఓఎస్ (సిగ్నల్ పోయిందని చెప్పే గుర్తు) అనే చోట ఎర్ర దీపం వెలిగిందేమో చూసి కంపెనీకి ఫోన్ చేయండి, కంప్యూటర్‌ను ముట్టుకోవద్దు. 8.8.8.8 కూడా పలికి, ఏదైనా సైటు పేరుతో కొట్టిన పింగ్ మాత్రమే పలకకపోతే అది డీఎన్ఎస్. ఒక్కో పింగ్‌ను కంట్రోల్, సీ కలిపి నొక్కి ఆపాలి. ఈ మూడు పరీక్షలూ నెట్ పోయిన క్షణంలోనే చేయాలి, వచ్చాక చేస్తే ఉపయోగం లేదు. అందుకే ఆ మూడు ఆదేశాలనూ ఒక కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించమని అబ్బాయికి చెప్పండి.

ఇక హార్డ్‌డిస్కు సంగతి. కాపీ చేసేటప్పుడు నెట్ పోతుందని రాశారే, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన వాక్యం అదే. చాలామందికి ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని తట్టదు. యూఎస్‌బీ 3.0 పోర్టులో డేటా పరుగెత్తుతున్నప్పుడు దాని కేబుల్ నుంచి, కనెక్టర్ నుంచి చెవికి వినపడని రేడియో చప్పుడు బయటికి వస్తుంది. ఆ చప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ కూడా పరుచుకుంటుంది. సాధారణ వైఫై నడిచేది కూడా అక్కడే. ఇంటెల్ సంస్థ 2012లోనే దీని మీద ఒక సాంకేతిక పత్రం విడుదల చేసింది. మీ డాంగిల్, డిస్కు రెండూ డెస్క్‌టాప్ వెనక పక్కపక్క పోర్టుల్లో ఉంటే, కింది హాల్ నుంచి శ్లాబు దాటి నీరసంగా వచ్చే సిగ్నల్ అంగుళం దూరంలోని చప్పుడులో మునిగిపోతుంది. ఏ సిస్టమ్ వేసినా ఇంతే.

దీన్ని మీ కళ్లతోనే చూడవచ్చు. కేబుల్ తీసి, డాంగిల్ పెట్టి, రౌటర్‌కు పింగ్ కొట్టి ఆపకుండా వదిలేయండి. ప్రతి వరుస చివర ఎన్ని మిల్లీసెకన్లలో జవాబు వచ్చిందో ఉంటుంది. మామూలుగా 2, 3, 5 ఇలా నడుస్తుంది. ఇప్పుడు డిస్కు తగిలించి ఒక పెద్ద వీడియో కాపీ మొదలుపెట్టండి. 3, 4 ఉన్నది 180, 400, 900 అని ఎగబాకి, వరుసలు ఆగిపోయి, కాపీ ఆపగానే మళ్లీ 3కు దిగితే ఇక అనుమానం అక్కర్లేదు. మందు కూడా చవకే. మీటరు పొడవుండే యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని, డాంగిల్‌ను దాని చివర పెట్టి బల్ల మీదకు, వీలైతే కిటికీ దగ్గరకు తీసుకురండి. ఎక్స్‌టెన్షన్‌ను లోపల నల్లగా ఉండే పోర్టులో పెట్టండి. లోపల నీలంగా ఉండేవి సాధారణంగా 3.0 పోర్టులు. వాటిని డిస్కుకు వదిలేయండి. ఇనుప క్యాబినెట్ వెనక, గోడకు ఆనుకుని ఉండే డాంగిల్‌కు సిగ్నల్ ఎలాగూ సరిగ్గా అందదు. ఈ ఒక్క మార్పుతో చప్పుడూ తగ్గుతుంది, సిగ్నలూ పెరుగుతుంది.

అయితే ఇలాగే కనిపించే ఇంకో జబ్బు ఉంది, కరెంటు చాలకపోవడం. డిస్కు తిరగడం మొదలుపెట్టగానే ఎక్కువ కరెంటు లాగుతుంది. వదులైన పోర్టు, అరిగిపోయిన పవర్ సప్లై ఉంటే ఆ క్షణంలో డాంగిల్ ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. రెండింటినీ విడదీయడానికి ‘సుడో డీఎంఈఎస్‌జీ -డబ్ల్యూ’ అనే ఆదేశం ఉంది. ‘సుడో’ అంటే పూర్తి అధికారంతో నడపమని, అందుకే పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇవ్వండి. లినక్స్‌లో పరికరాలను నడిపే మూల భాగమైన కెర్నల్ తన డైరీ రాసుకుంటూ పోవడం కనిపిస్తుంది. నెట్ తెగిన క్షణంలో ‘యూఎస్‌బీ డిస్‌కనెక్ట్’ అని, వెంటనే కొత్త యూఎస్‌బీ పరికరం దొరికిందని వరుసలు వస్తే అది కరెంటు లేదా పోర్టు లోపం. పోర్టు మార్చండి, డిస్కుకు సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడండి. డాంగిల్ ఊడకుండానే వైఫై మాత్రం తెగితే అది రేడియో గొడవ.

సాయంత్రాలు ఎక్కువగా తెగడానికి చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లు కూడా కారణం కావచ్చు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే ఛానళ్లు మూడే: 1, 6, 11. ‘ఎన్ఎంసీఎల్ఐ డెవ్ వైఫై’ అని కొడితే చుట్టూ ఉన్న నెట్‌వర్క్‌లు, వాటి ఛానళ్లు, సిగ్నల్ బలం జాబితాగా వస్తాయి. ఆ మూడింట్లో రద్దీ తక్కువ ఉన్నదాన్ని రౌటర్ సెట్టింగ్స్‌లో ఎంచుకుని, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. మీ డాంగిల్‌కు 5 గిగాహెర్ట్జ్ పట్టే శక్తి ఉంటే అదీ ప్రయత్నించండి, కానీ శ్లాబు దాటేటప్పటికి అది బాగా బలహీనపడుతుంది. మీ ఇంట్లో దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు 94 దగ్గరకు వద్దాం. స్పీడ్ టెస్టులో 60 వచ్చినా 150 వచ్చినా నేను పది ప్రశ్నలు అడిగేవాణ్ణి. 94 అన్నారు కాబట్టి ఒకటే చెబుతాను: మీ కేబుల్ కనెక్షన్ 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోయింది. ఈథర్‌నెట్ లింకు, అంటే కేబుల్ కనెక్షన్, 100 మీద కుదిరితే డేటా ముక్కల మీద చిరునామాల వంటివి రాయడానికి పోయే ఖర్చు పోగా మిగిలేది దాదాపు 94. మింట్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెరిచి వైర్డ్ కనెక్షన్ దగ్గర చూడండి, కనెక్ట్ అయిందన్న మాట పక్కనే 100 ఎంబీ అని ఉంటుంది. అది 1000 అని ఉండాలి.

కేబుల్ లోపల ఎనిమిది తీగలు, నాలుగు జతలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలే చాలు, అంటే 1, 2, 3, 6 స్థానాల్లోని నాలుగు తీగలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. మిగతా రెండు జతల్లో ఒక్క తీగ అందకపోయినా రెండు వైపులా ఉన్న పరికరాలు మాట్లాడుకుని చాలావరకు మెల్లగా 100కు దిగిపోతాయి. నెట్ ఆగదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కేబుల్ లాగినవారు పని త్వరగా అయిపోవాలని కనెక్టర్‌లో నాలుగు తీగలే కొట్టి వెళ్లిపోవడం నేను చాలాచోట్ల చూశాను. ఒకే కేబుల్‌లో నాలుగు తీగలు ఒక ఇంటికి, నాలుగు ఇంకో ఇంటికి పంచేసిన సందర్భాలూ ఉన్నాయి. డబ్బు తీసుకుని సగం పని చేయడం నాకు నచ్చదు, మీరూ ఒప్పుకోకండి.

కనెక్టర్‌ను వెలుతురులో పట్టుకుని చూడండి. క్లిప్పు కిందికి, బంగారు రంగు పళ్లు పైకి, పళ్లు ఉన్న కొస ముందుకు ఉండేలా పట్టుకుంటే, పారదర్శకమైన ప్లాస్టిక్ లోంచి ఎడమ నుంచి కుడికి ఈ వరుస కనిపించాలి: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. నీలం జత, గోధుమ జత లేకపోతే దొంగ దొరికినట్లే. ఎనిమిదీ ఉన్నాయనుకోండి, ఒక్కో తీగ కొస ప్లాస్టిక్ చివరి గోడకు తగిలేదాకా వెళ్లిందో లేదో చూడండి. ఒకటి మిల్లీమీటరు వెనకబడినా దాని పన్ను గాలిలో దిగినట్లే. రెండో కొసను కూడా ఇలాగే చూడాలి.

కేబుల్‌ను నిందించే ముందు రౌటర్‌నూ అడగాలి, ఎందుకంటే చవక రౌటర్లలో పోర్టులే 100కు మించవు. ‘సుడో ఈథ్‌టూల్’ అని రాసి పక్కన మీ ల్యాన్ కార్డు (కంప్యూటర్‌లో కేబుల్ తగిలించే భాగం) పేరు ఇవ్వండి. ఆ పేరు ‘ఐపీ రౌట్’ వరుసలో ‘డెవ్’ అన్న మాట తర్వాత ఉంటుంది, చాలావరకు ‘ఈఎన్’ అని మొదలవుతుంది. వచ్చే సమాచారంలో మీ కార్డు చేయగలిగిన వేగాలు ఒకచోట, ‘లింక్ పార్ట్‌నర్’ అనే మాటతో అవతలి పరికరం ప్రకటించిన వేగాలు ఇంకోచోట ఉంటాయి. రెండు చోట్లా 1000 ఉండి, కుదిరిన వేగం మాత్రం 100 ఉంటే తప్పు కేబుల్‌దే. రౌటర్ వైపే 100కు మించి లేకపోతే కేబుల్ మార్చినా లాభం లేదు. కొన్ని ల్యాన్ కార్డుల విషయంలో కెర్నల్ తన డైరీలో ఒక గిగాబిట్ నుంచి 100కు దిగాల్సి వచ్చిందని, కేబుల్ చూసుకోమని సూటిగా రాసేస్తుంది కూడా. షాపులో ఎవరూ చెప్పని మాటను యంత్రమే చెబుతుంది. లినక్స్ మీద నాకున్న ఇష్టానికి ఇది పెద్ద కారణం.

మళ్లీ కొట్టించేటప్పుడు టెక్నీషియన్‌ను ఎనిమిది తీగలూ కొట్టమని, టెస్టర్ పెట్టి ఎనిమిది దీపాలూ వరుసగా వెలగడం చూపించమని ముందే చెప్పండి. కొత్త కేబుల్ కొనాల్సి వస్తే క్యాట్ 5ఈ చాలు, 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. ఖరీదైన రకాలకు పోవద్దు. కానీ లోపల అసలు రాగి ఉండాలి. అల్యూమినియం తీగకు రాగి పూత పూసినవి చవకగా వస్తాయి, వంపుల దగ్గర విరిగిపోతాయి.

మూడోది, కనెక్ట్ అయినట్లే ఉండి సైట్లు తెరుచుకోకపోవడం. ఫోన్లలో బాగానే వస్తుందని రాశారు. ఆ సాక్ష్యాన్ని నేను నమ్మను. వైఫైలో నెట్ లేదని గ్రహించగానే చాలా ఫోన్లు మీకు చెప్పకుండా మొబైల్ డేటాకు మారిపోతాయి. పైన వైఫై గుర్తు ఉన్నా అంతే. ఈసారి ఇలా అయినప్పుడు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై ఒక్కటే ఆన్ చేసి, ఎప్పుడూ తెరవని ఒక సైటు తెరవండి. అదీ రాకపోతే కంప్యూటర్ తప్పు ఏమీ లేదు, రౌటరో నెట్ కంపెనీయో.

నా అనుమానం రౌటర్‌లోని డీఎన్ఎస్ మీద. ఇళ్ల రౌటర్లు సాధారణంగా ‘పేర్లు నన్నే అడగండి’ అని తమ చిరునామానే ఇస్తాయి. రోజులకొద్దీ ఆపకుండా నడిచిన చిన్న రౌటర్‌లో ఆ పని చేసే భాగం ఒక్కోసారి మొరాయిస్తుంది, మిగతాదంతా నడుస్తూనే ఉంటుంది. పింగ్ 8.8.8.8 పలికి పేర్లు పలకకపోతే ఇదే. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మీ వైర్డ్ కనెక్షన్ తెరిచి, ఐపీవీ4 భాగంలో డీఎన్ఎస్ దగ్గర ఆటోమేటిక్ తీసేసి 1.1.1.1, 8.8.8.8 ఇవ్వండి. కనెక్షన్ ఒకసారి ఆపి మళ్లీ వేయండి. ఇంటర్నెట్‌లో దొరికే పాత సలహాలు చూసి అబ్బాయి డీఎన్ఎస్ చిరునామాలు ఉండే ‘రిజాల్వ్ డాట్ కాన్ఫ్’ అనే ఫైలును మార్చి ఉండవచ్చు. ఇప్పటి మింట్‌లో ఆ ఫైలును సిస్టమ్ తానే రాస్తుంది, చేత్తో రాసినవి నిలవవు. అందులో 127.0.0.53 అని కనిపిస్తే కంగారు పడవద్దు, అది ఉండవలసిందే. ఆ ఫైలును అలాగే వదిలేయండి.

లినక్స్ వల్ల నిజంగా ఇబ్బంది వచ్చే చోటు ఒకటి ఉంది, దాన్ని దాచకూడదు: డాంగిల్ డ్రైవర్, అంటే డాంగిల్‌ను నడిపే సాఫ్ట్‌వేర్. డబ్బా మీద లోపలి చిప్ పేరు ఉండదు. ఒకే మోడల్ పేరుతో వేర్వేరు చిప్‌లు పెట్టి అమ్ముతారు. ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ అని కొట్టి డాంగిల్ వరుసలోని ఐడీ చూడండి. అది 0బీడీఏ అని మొదలైతే రియల్‌టెక్ చిప్. ఆ తర్వాతి భాగం 1ఏ2బీ అని ఉంటే డాంగిల్ ఇంకా తనను తాను విండోస్ డ్రైవర్ల సీడీగా చెప్పుకుంటోందని అర్థం. ఫైల్ మేనేజర్‌లో ఆ సీడీని ఎజెక్ట్ చేస్తే చాలాసార్లు అసలు రూపంలోకి వస్తుంది. అబ్బాయి ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటు నుంచి డ్రైవర్ దించి వేశాడేమో అడగండి. అలా వేసినవి కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ పోయే ప్రమాదం ఉంది. డాంగిళ్లలో తరచుగా కనిపించే 8821సీయూ వంటి చిప్‌లకు కెర్నల్ 6.2 నుంచి డ్రైవర్ లోపలే ఉంది. మింట్ 22లో వచ్చేది 6.8, కాబట్టి అక్కడ బయటి డ్రైవర్ అవసరం ఉండకపోవచ్చు. అప్‌డేట్ తర్వాత వైఫై హఠాత్తుగా మాయమైతే, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు ఏ కెర్నల్‌తో తెరవాలో ఎంచుకునే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో తెరిచి చూడండి. కొత్త డాంగిల్ కొనేటట్లయితే మీడియాటెక్ ఎంటీ7612యూ చిప్ ఉన్నది అడగండి, దాని డ్రైవర్ కెర్నల్ 4.19 నుంచి లోపలే ఉంది. ఎక్కడో దొరికిన ఆదేశాన్ని ‘సుడో’ పెట్టి అర్థం తెలియకుండా అతికించవద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి. కంప్యూటర్ మొత్తం మీద అధికారాన్ని అపరిచితుడి చేతిలో పెట్టినట్లవుతుంది.

షాపు అతను ఇంకా లినక్సే కారణం అంటే, మింట్ వేసిన పెన్‌డ్రైవ్ మీ ఇంట్లో ఉండే ఉంటుంది. దాంతో బూట్ చేసి, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే నెట్ వాడి చూడండి. అక్కడ బాగుండి డిస్కులోని సిస్టమ్‌లో బాగా లేకపోతే తప్పు మీ సెట్టింగ్స్‌లో ఉంది, సరిచేసుకోవచ్చు. రెండు చోట్లా ఒకేలా తెగితే పరికరాల వైపు చూడాలి. ఇరవై నిమిషాల పని, ఒక్క ఫైలు కూడా పోదు.

ఇవన్నీ చేశాక కూడా తెగుతుంటే మళ్లీ రాయండి. ఉత్తరంలో మీ డాంగిల్ ఐడీ, ఈథ్‌టూల్ చూపిన వేగం, నెట్ పోయిన క్షణంలో మూడు పింగ్‌లలో ఏది పలికింది ఏది పలకలేదు అన్నవి తప్పకుండా ఉండాలి. కెర్నల్ డైరీలో ఆ సమయానికి వచ్చిన నాలుగైదు వరుసలను ఫోన్‌తో ఫొటో తీసి జత చేస్తే ఇంకా మంచిది.